ఊసరవెల్లిని తెచ్చుకునే ముందు, తెచ్చుకున్నాక

చిరంజీవి అమ్మలుకి,

బాబాయి ఆశీస్సులు. బాబు పుట్టినరోజుకి ఊసరవెల్లిని తెస్తున్నామని మొన్న ఫోన్లో చెప్పావు. వెయిల్డ్ కెమీలియన్, మగది, మూడు నెలలు నిండింది, పెంచేవాళ్ల దగ్గరే గుడ్డులోంచి బయటికొచ్చింది అన్నావు. ఇంతవరకూ అన్నీ సరిగ్గానే చేశావు. అడవిలో పట్టి అమ్మేవి దారిలోనే సగం చిక్కిపోయి, పొట్టలో పురుగులతో వస్తాయి. వాటిని నిలబెట్టడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం.

మీ అత్తగారు, మన ఊరి చేలల్లో కనిపించేవి ఉండగా ఇంత డబ్బు పోసి కొనడం ఎందుకని అడిగారట. అవి వేరే జాతి అమ్మా. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటికి రక్షణ ఉంది, పట్టడం, ఇంట్లో పెంచడం నేరం. నువ్వు తెస్తున్నది యెమెన్, సౌదీ అరేబియా కొండల నుంచి వచ్చిన జాతి. అమెరికాలో పెంపకంలోనే ఎన్నో తరాలుగా ఉంది. ఊసరవెల్లికి విషం ఉంటుందన్న భయం కూడా ఆవిడకి ఉంటే తీసెయ్. ఏ ఊసరవెల్లికీ విషం లేదు.

ముందు కేజ్ సంగతి. అది ఇంటికి రాకముందే కేజ్ పూర్తిగా తయారై, లైట్లు, నీళ్లు అన్నీ కనీసం వారం రోజులు నడిచి ఉండాలి. దాన్ని లోపల పెట్టాక మళ్లీ చెయ్యి పెట్టి కొమ్మలు సర్దడం, మొక్కలు మార్చడం లాంటివి పెట్టుకోకు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉంటే పెద్దయ్యాక కూడా సరిపోతుంది. దాన్ని నేల మీద పెట్టొద్దు, బల్ల మీద పెట్టు. దాని కన్ను మన కన్ను కంటే పైన ఉండాలి. పైనుంచి వంగి చూసే ఏ ముఖమైనా దానికి గద్ద కిందే లెక్క. మూడు వైపులా తెల్లటి అట్టో గుడ్డో కట్టి, ఒక్క వైపే తెరిచి ఉంచు. నలుగురూ తిరిగే హాల్లో వద్దు, టీవీ పక్కన అసలే వద్దు. వంటింటికి, పూజగదికి దూరంగా పెట్టు. పోపు ఘాటు, అగరొత్తుల పొగ దాని ఊపిరితిత్తులకి పడవు. మన ఇళ్లల్లో ఈ రెండూ రోజూ ఉండేవే కాబట్టి మరీ మరీ చెప్తున్నాను.

లోపల మొక్కలు దట్టంగా ఉండాలి. మనీప్లాంట్, మందార, అంబ్రెల్లా ప్లాంట్ బాగుంటాయి. వెయిల్డ్ జాతి ఆకులు కూడా కొరికి తింటుంది, కాబట్టి నర్సరీ నుంచి తెచ్చిన మొక్కని మట్టి మార్చి, ఆకులు రెండు వైపులా కడిగి, కొన్నాళ్లు బయట ఉంచి అప్పుడు లోపల పెట్టు. మందు కొట్టిన ఆకు తింటే ప్రాణానికే ముప్పు. కొమ్మలు వేళ్లతో పట్టుకునేంత సన్నంగా కొన్ని, కాస్త లావుగా కొన్ని, అడ్డంగా, ఏటవాలుగా పెట్టు. దాక్కోవడానికి చోటుందని తెలిస్తేనే అది ధైర్యంగా బయటికి వస్తుంది. కొత్తవాళ్లు ఊసరవెల్లి బాగా కనబడాలని కేజ్ ఖాళీగా ఉంచుతారు, అది రోజంతా భయంతో నల్లబడి మూలన కూర్చుంటుంది.

లైట్లలో పొదుపు చెయ్యకు. రెండు కావాలి. వేడికి మామూలు బల్బు (ఎల్‌ఈడీ కాదు) ఒకటి, పొడవాటి టీ5 (సన్నపాటి రకం) యూవీబీ ట్యూబ్ ఒకటి. యూవీబీ అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు. పిల్ల కాబట్టి ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 80 డిగ్రీల ఫారెన్‌హీట్ చాలు, పెద్దయ్యాక 85 వరకు వెళ్లొచ్చు. కొమ్మకీ ట్యూబుకీ మధ్య ఎనిమిది తొమ్మిది అంగుళాలు ఉంచు. కిటికీలోంచి ఎండ పడుతోంది కదా అనుకోకు, యూవీబీని గాజు ఆపేస్తుంది. యూవీబీ లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారవదు, తిన్న కాల్షియం ఒంటబట్టదు, ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర పోతాయి. ట్యూబ్ వెలుగుతూనే ఉంటుంది కానీ లోపల యూవీబీ తగ్గిపోతుంది, అందుకే ఏడాదికోసారి మార్చు. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు పూర్తి చీకటి. రాత్రిపూట ఎర్ర బల్బు కూడా వద్దు. రాత్రి గది 65 డిగ్రీలకి తగ్గినా టెన్షన్ పడకు, ఆ చల్లదనం దానికి మంచిదే.

ఇక నీళ్లు. గిన్నెలో నిలవ ఉన్న నీళ్లని అది నీళ్లుగా గుర్తించడం అరుదు. ఆకు మీద బొట్టు మెరవాలి, అప్పుడు నాలుకతో అద్దుకుని తాగుతుంది. లైట్లు ఆరిన తర్వాత ఒకసారి, పొద్దున లైట్లు వెలగకముందు ఒకసారి రెండేసి నిమిషాలు సన్నగా పిచికారీ చెయ్యి. పగలు కాసేపు పైనుంచి ఒక్కో చుక్కా ఆకు మీద పడేలా డ్రిప్పర్ పెట్టు. పగలు ఆకులు ఆరిపోవాలి, రోజంతా తడిసి ఉంటే ఊపిరితిత్తులకి జబ్బు చేస్తుంది. మీ న్యూజెర్సీలో చలికాలం హీటర్ వేస్తే గాలి బాగా పొడిగా అయిపోతుంది, అప్పుడు జాలీ కేజ్‌కి రెండు మూడు పక్కలు ప్లాస్టిక్ షీట్ కట్టాల్సి వస్తుంది. నీళ్లు సరిపోతున్నాయా లేదా అన్నది దాని రెట్టే చెప్తుంది. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం తెల్లగానే ఉంటే బాగున్నట్టు. అది చాలావరకు నారింజ రంగులో, గట్టిగా ఉంటే నీళ్లు చాలడం లేదు.

వచ్చిన రోజు పెట్టె తెరిచి చేత్తో లాగొద్దు. గోళ్లు దేన్నైనా పట్టుకుని ఉంటాయి, లాగితే ఊడతాయి. ఒక కొమ్మ దాని ముందు పెట్టు, అదే ఎక్కుతుంది. ఆ కొమ్మతోనే కేజ్‌లో దింపి, తలుపు వేసి, బయటికి వచ్చెయ్యండి. మొదటి రెండు వారాలూ మీరు దానికి ఎంత తక్కువ కనబడితే అంత మేలు. నీళ్లు, తిండి, రెట్ట తుడవడం, అంతే. పుట్టినరోజుకి వచ్చే పిల్లలందరికీ చూపించాలని బాబుకి ఉంటుంది. ఆ పార్టీ అయ్యాకే దాన్ని తీసుకురా. బాబుకి ఒక నోటుబుక్ ఇచ్చి, గదికి అవతలి పక్క కూర్చుని ఎక్కడ పడుకుంది, ఎప్పుడు ఎండ కాచుకుంది, ఏ రంగులో ఉంది అని రాయమను. వాడికి పనీ దొరుకుతుంది, నీకు లెక్కా ఉంటుంది.

తిండికి క్రికెట్లు, అంటే మన కీచురాళ్లే. దాని రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్ద పురుగు పెట్టకు. పురుగులకి ముందు రోజే ఆకుకూరలు, క్యారెట్ తినిపించు. పెట్టేటప్పుడు డి3 లేని కాల్షియం పొడి పల్చగా అద్దు, డి3, విటమిన్లు ఉన్న పొడి నెలకి రెండుసార్లే. తినని క్రికెట్లు రాత్రికి లోపల ఉండకూడదు, నిద్రపోతున్నదాన్ని కొరుకుతాయి. ఒక గిన్నెని కొమ్మ పక్కన కట్టి అందులో వేస్తే ఈ గొడవ ఉండదు. గిన్నె వైపు ముందు ఒక కన్ను తిప్పుతుంది, రెండోది మిమ్మల్నే చూస్తుంటుంది. తర్వాత రెండు కళ్లూ పురుగు మీదికి వస్తాయి, నోరు కొద్దిగా తెరుచుకుని నాలుక కొన కనబడుతుంది. ఆ క్షణంలో కదిలారా, నోరు మూసేసి వెనక్కి పోతుంది. అందుకే గిన్నె పెట్టి వెళ్లిపో అంటున్నాను. మొదటి రెండు మూడు రోజులు తినకపోయినా నీళ్లు తాగుతూ, పగలు కళ్లు తెరిచి ఉంటే కంగారేం లేదు.

పగలు కళ్లు మూసుకుని ఉందంటే మాత్రం ఆలస్యం చెయ్యకు. ఊసరవెల్లి జబ్బుని దాచుకుంటుంది, మనకి తెలిసేసరికే ముదిరిపోయి ఉంటుంది. కళ్లు లోపలికి పోవడం, నోరు తెరిచి పీల్చడం, కొమ్మ పట్టు జారడం కూడా అంతే. నల్లబడటం, బుస కొట్టడం, అటూ ఇటూ ఊగడం భయానికి గుర్తులు. అప్పుడు మీరు పక్కకి తప్పుకుంటే చాలు. సరీసృపాలని చూసే వెట్ ఎవరో ఇప్పుడే కనుక్కో, కుక్కల డాక్టర్లందరికీ ఇది తెలియదు. కుదుటపడ్డాక తాజా రెట్ట తీసుకెళ్లి పురుగుల పరీక్ష చేయించు. కేజ్‌లో చెయ్యి పెట్టినప్పుడల్లా బాబు చేతులు సబ్బుతో కడగాలి, వీటి ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బాక్టీరియా ఉండొచ్చు. తోడు కోసం ఇంకోదాన్ని కొనకు, ఇవి ఒంటరిగా బతికే జీవాలు. అద్దంలో తన నీడని చూసినా మండిపడుతుంది.

బాబు చేతి మీదికి అది ఎప్పుడు వస్తుందని అడిగావు. రెండు వారాల తర్వాత తలుపు తీసి, పట్టుపురుగుని చేత్తో దూరంగా పట్టుకుని కదలకుండా నిలబడమను. ఏదో ఒక రోజు నాలుక చాస్తుంది. చేతి మీదికి రావడం, రాకపోవడం దాని ఇష్టం. కొన్ని జన్మలో రావు, అయినా ఆరేడేళ్లు హాయిగా బతుకుతాయి. వాడికి ఈ సంగతి కొనకముందే చెప్పు. ఒళ్లో కూర్చునే జీవం కావాలని వాడి మనసులో ఉంటే ఇంకేదైనా చూద్దాం, తప్పేం లేదు.

డిసెంబర్లో ఇండియా వెళ్తున్నారు కదా, అప్పుడు దాన్ని మా ఇంటికి తీసుకురావద్దు, ఆ ప్రయాణానికి మళ్లీ బెదురుతుంది. రోజూ మీ ఇంటికి వచ్చి చూసే మనిషిని ఇప్పటినుంచే వెతుకు. దొరికాక నాకు ఫోన్ నంబర్ ఇవ్వు, ఏం చెయ్యాలో నేను వీడియోలో చూపిస్తాను. ఆ మనిషి కుదిరాకే టికెట్లు బుక్ చెయ్యండి.

మీ బాబాయి