చెట్టు సంగతి సరే, ముందు బకెట్ సంగతి చూడు

అబ్బాయ్, వందనాలు.

ఈసారి మన గుడిలో క్రిస్మస్ చెట్టు నువ్వే పెడతున్నావంటగా, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. భలే సంతోషమేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

ఫర్ చెట్టు కావాలన్నావంట. అది చలికొండల చెట్టు నాయనా, మన ఎండకు బతకదు. అమెరికాలో ఫ్రేజర్ ఫర్‌కి గిరాకీ ఎందుకంటే కొమ్మ బిరుసు, ఆకు తొందరగా రాలదు. బాల్సమ్‌కి వాసన ఎక్కువ. డగ్లస్ పేరుకే ఫర్, జాతి వేరు, కొమ్మ మెత్తన. ఏది కొన్నా ముందు కొమ్మను చేత్తో దూసి చూస్తారు. ఆకు రాలిందా, ఆ చెట్టు వదిలేస్తారు.

మనకున్నది సరుగుడు. కొత్తపట్నం దోవలో తోటలుంటాయి, రైతుని అడిగి డబ్బిచ్చి కొట్టుకో. తోట నడుమ చెట్టు వద్దు. ఒత్తుగా నాటతారు గనక వెలుతురు అందక కింది కొమ్మలు ఎండి, వాసం లాగా మిగులుతుంది. గట్టు వరసలో చూడు, మొదలు దాకా కొమ్మలుంటాయి. గుడి కప్పు 10 అడుగులైతే చెట్టు ఏడున్నర చాలు. కింద బకెట్, పైన నక్షత్రం ఉన్నాయి మరి. రెమ్మలు బరువు మోయవు, కాగితం నక్షత్రాలే కట్టు.

ఇక నా భయం. మీ నాన్నకు పదేళ్ళప్పుడు మన గుడిలో చెట్టు 15వ తేదీకే కొట్టుకొచ్చి, నూనె డబ్బాలో పొడి ఇసుక పోసి పాతారు. పండగనాటికి కూడా పచ్చగానే కనబడింది. అదే మోసం. సరుగుడుకి మనం ఆకనుకునేది ఆకు కాదు, కణుపులున్న సన్నటి రెమ్మ. లోపల నీరంతా పోయినా పైకి తెలియలేదు. దాని మీద మంచు లాగా దూది పరిచి, కొమ్మలకు కొవ్వొత్తులు కట్టారు. సరుగుడు కట్టె పచ్చిగా ఉన్నా మండుతుందని పొయ్యి ఊదే ఏ ఆడమనిషిని అడిగినా చెప్పేది. పెద్దలెవరూ అడగలా. ముందు దూది అంటుకుంది, పాట పూర్తయ్యేలోపు మంట కొనకెక్కింది. పైన కొబ్బరాకుల పందిరి! తడి గోనెపట్టాలేసి ఆర్పారు. మీ నాయనమ్మ కుట్టించిన కొత్తచొక్కా చెయ్యి కాలిందని మీ నాన్న రెండ్రోజులు ఏడ్చాడు. ఒంటికేమీ కాలేదు, దేవుడి దయ. కొవ్వొత్తిదే తప్పని ఇప్పటికీ అంటారు. కాదురా, మొదటి తప్పు పొడి ఇసుకది.

కాబట్టి 23 సాయంత్రం దాకా కొట్టొద్దు. గుడికి తెచ్చాక చెట్టు మొదలు ఇంకో అంగుళం రంపంతో కోసి, వెంటనే నీళ్ళలో పెట్టు. ఆలస్యమైతే కోసిన చోటు మూసుకుపోయి నీళ్ళు పీల్చదు. 20 లీటర్ల పెయింట్ బకెట్లో నిలబెట్టి, చుట్టూ కంకర బిగించి, కోసిన చోటు మునిగేలా నీళ్ళు పొయ్యి. పొద్దున, సాయంత్రం మట్టం చూసుకో. పడకుండా పురికొసతో రెండు కిటికీ చువ్వలకు కట్టు. రోజూ ఒక రెమ్మ వంచు. పుటుక్కున విరిగితే చెట్టు బయట పెట్టించు, ఎవరేమన్నా సరే. దూది వద్దు. ఎల్‌ఈడీ సీరియల్ బల్బులే కట్టు, ప్లగ్గు బకెట్‌కి దూరంగా, ఎత్తులో ఉండాలి. మన డిసెంబరు వాన తెలుసుగా, వరండాలో వైరు అతుకులు తడవనీయొద్దు. ఆరాధన అవగానే ప్లగ్గు పీకు.

నన్నడిగితే నర్సరీలో క్రిస్మస్ చెట్టని అమ్మే అరకేరియా కుండీ మేలు. ఫర్ కాదులే. నార్ఫోక్ దీవిది, ఉప్పుగాలికి ఓర్చుకుంటుంది. కొన మాత్రం తుంచకు, ఆకారం చెడుతుంది. ఎండిన కింది కొమ్మ తిరిగి రాదు. కుండీకి చిల్లుందో లేదో చూసి కొను. పండగవగానే వెలుతురులో పెట్టు. మూడడుగుల మొక్క చిన్నదిగా ఉందని పిల్లలు గొణిగితే బల్ల మీద పెట్టు.

సరుగుడే అంటావా, నీ ఇష్టం. 23 రాత్రి బకెట్లో నీళ్ళు పోశాక ఫోన్ చెయ్యి. పదైనా పర్లేదు, మేలుకునే ఉంటా.

పెదనాయన