చిన్నాకి, ఆ పాత కార్డు సంగతి

చిన్నా,

తాతగారి హరికథల క్యాసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పొంగిపోయాను. 64 జీబీ ర్యామున్న కొత్త మెషీన్లో పాత ఎం-ఆడియో డెల్టా సౌండు కార్డు పెడుతున్నావని కూడా చెప్పింది. అక్కడ టెన్షన్ మొదలైంది.

కరెంటు తీసేశాకే కార్డు పెట్టు. కొత్త బోర్డు మీద ఇలాంటి పాత కార్డులు పట్టే పీసీఐ స్లాటు లేకపోతే అడాప్టర్ కావాలి, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో అడుగు. ఇవి నీకు తెలిసినవే.

నేను చెప్పాల్సింది వేరు. డెల్టా మీదున్న ఎన్వీ24 చిప్పు ప్రాసెసర్ చేత మోయించకుండా తనే నేరుగా మెమరీలోకి రాస్తుంది. దాన్నే డీఎంఏ అంటాం. కానీ దానికి 28 బిట్ల అడ్రసే వచ్చు. అంటే 256 ఎంబీ. ఆ పైనున్న ర్యామంతా దానికి లేనట్టే. అడాప్టర్ పెడితే స్లాటు కుదురుతుంది గానీ చిప్పు మారదు కదా. 1984 నాటి ఐబీఎం పీసీ ఏటీ కంప్యూటర్ స్లాట్లకైతే 24 అడ్రసు లైన్లే, 16 ఎంబీ దగ్గర గోడ. అంత ర్యామ్ అప్పట్లో ఎవరి దగ్గరుందిలే! తర్వాత పీసీఐ వచ్చి 4 జీబీ అంటే, ఇక జన్మకి చాలనుకున్నాం.

చాల్లేదు. మా ఆఫీసులో ఒక సర్వర్‌కి ర్యామ్ 2 నుంచి 8 జీబీకి పెంచారు. బ్యాకప్ టేపు డ్రైవ్‌కి ఉన్నది 32 బిట్ల పీసీఐ కార్డు. దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ రాసినవాడు, అడ్రసు 4 జీబీ దాటితే పై బిట్లు కత్తిరించి మిగిలిందే కార్డుకి ఇచ్చేలా రాశాడు. ఇంటి నంబరులో మొదటి అంకె చెరిగిపోతే ఉత్తరం ఇంకో ఇంట్లో పడ్డట్టే. డేటాని కాసేపు ఉంచే మెమరీ జాగా, అంటే బఫర్, ఆ గీతకి పైన పడ్డప్పుడల్లా కార్డు ఎక్కడో కిందున్న మెమరీ చదివి, ఆ చెత్తని శుభ్రంగా టేపుకెక్కించింది. ఎర్రర్ రాలేదురా! టేపు బాగుంది, కార్డు బాగుంది, రోజూ పొద్దున్నే రిపోర్టులో సక్సెస్. రాసింది తిరిగి చదివి పోల్చే ఆప్షన్ని టైము చాలదని ఎవరో ఆపేశారు. డిస్కు పోయి రీస్టోర్‌కి కూర్చున్నప్పుడు, ఒక ఫైలు మధ్యలో మరో ప్రోగ్రాం ముక్కలు కనబడ్డాయి. అకౌంట్స్ అమ్మాయిలు కాగితం బిల్లులు ముందేసుకుని మళ్ళీ టైపు చేశారు. వాళ్ళకి టీలు మోయడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది. అందుకే సక్సెస్ అన్న మాట చూస్తే నాకిప్పటికీ నమ్మకం కుదరదు.

నీకు అంత జరగకపోవచ్చు. లైనక్స్‌లో ఆ చిప్పు డ్రైవర్ తన 28 బిట్ల హద్దుని లైనక్స్ మూల ప్రోగ్రామైన కెర్నల్‌కి ముందే చెబుతుంది. సౌండుకి కావలసిన బఫర్ చిన్నదే, కింద జాగా దొరుకుతుంది. మెషీన్ మొదలవుతుండగా తెరిచే సెట్టింగుల తెర బయాస్‌లో వీటీ-డీ ఆన్ చెయ్, ఏఎండీ బోర్డయితే ఐఓఎంఎంయూ అని ఉంటుంది. అది పైనున్న మెమరీకి కార్డు అందుకోగల అడ్రసు కల్పిస్తుంది. 4 జీబీ ర్యామే ఉంచి తప్పించుకుందామనుకోకు, 4 జీబీ లోపు అడ్రసుల్లో కార్డుల కోసం వదిలిన ఖాళీ వల్ల అందులో కొంత భాగాన్ని బోర్డు 4 జీబీ పైకి జరుపుతుంది. పైగా నీ హద్దు అంతకన్నా చాలా కింద.

అయినా పరీక్షించు. కార్డు డిజిటల్ అవుట్‌ని దాని డిజిటల్ ఇన్‌కే కలిపి, ఒక ఫైలు వాయిస్తూ రికార్డు చెయ్. ర్యామ్ నిండేలా బ్రౌజర్ ట్యాబులన్నీ తెరిచిపెట్టు. వాల్యూమ్ మిక్సర్లు ముట్టుకోకు. రికార్డు మొదట్లో వచ్చే నిశ్శబ్దం కత్తిరించి రెండు ఫైళ్ళూ పోల్చు, ఒక్క బిట్టు తేడా ఉన్నా క్యాసెట్టు జోలికెళ్ళకు.

రాత్రంతా మేలుకుని ఈ పని చేస్తావని నాకు తెలుసు, వద్దు. రుక్మిణీ కల్యాణం క్యాసెట్టు రీలు సన్నబడింది, ఇంకెన్నిసార్లు తిరుగుతుందో. దాన్ని చివరికి ఉంచు, అన్నీ సరిగ్గా వచ్చాయని చెవులతో విన్నాకే ముట్టుకో. ఎక్కించాక కూడా ఒక్క క్యాసెట్టూ పారేయకు. బీరువాలో జాగా లేదని మీ అమ్మ అంటే నాకు పంపెయ్. ఆ పరీక్ష ఫలితం ఆదివారంలోగా చెప్పు.

పెద్దమ్మ