ఏళ్ల క్రితం వదిలేసిన పెయింటింగ్స్ మళ్లీ పూర్తి చేయొచ్చా? నా అనుభవం

పదేళ్ల కిందట ఆపేసిన ఆయిల్ పెయింటింగ్స్ ఇప్పుడు పూర్తి చేయొచ్చా, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని అడిగారు. చేయొచ్చండి, నేను చేశాను.

మాది రాజమండ్రి. 2009లో గోదావరి బొమ్మలు మూడు మొదలుపెట్టాను. పెద్దది పాత హేవలాక్ వంతెన, పొద్దుగుంకే వేళ. 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయిన ఆ వంతెనంటే నాకు ప్రాణం. కానీ ఆకాశం ఎరుపు ఎంత వేసినా వెలిసిన చీరలా ఉండేది. పూసి పూసి విసుగొచ్చి, మూడింటినీ బీరువా వెనక్కి తోసేశాను.

మొన్న సంక్రాంతికి అమ్మమ్మగారి ఊళ్లో కంచె మీద గురివింద తీగ కనబడింది. ఎండిన కాయలు విచ్చుకుని ఉన్నాయి. ఒక గింజ తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను. ఒకప్పుడు కంసాలులు బంగారం తూచిన గింజ, బరువు సుమారు 0.12 గ్రాములు. (పిల్లలున్న ఇంట్లో మాత్రం పెట్టకండి, లోపలి పప్పు ప్రాణాంతకమైన విషం.) ఒకరోజు దాని నల్లమచ్చను వేలితో మూసి చూశాను. ఎరుపు మామూలు ఎరుపైపోయింది. వేలు తీయగానే మళ్లీ నిప్పుకణికలా వెలిగింది. గురివింద తన కింద నలుపు ఎరగదంటారు. నా బొమ్మలో అసలు ఆ నలుపే లేదు. నేర్చుకునే రోజుల్లో ట్యూబ్‌లో రెడీగా దొరికే నలుపు వాడొద్దన్నారని ముదురు రంగులన్నిటికీ భయపడ్డాను. వంతెన స్తంభాలు కూడా లేత బూడిద రంగులోనే ఉండిపోయాయి.

ఇక పని సంగతి. ముందు మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, కాస్త తడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాను. పాత రంగులు పాలిపోయి ఉంటే కంగారు పడకండి. లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె)లో కొంచెం టర్పెంటైన్ కలిపి పల్చగా రాసి, మిగిలింది గుడ్డతో అద్దేస్తే అసలు రంగు పైకి తేలుతుంది. అది చూశాకే ఏం మార్చాలో నిర్ణయించుకోండి. పై పొరలో నూనె కింది పొరకంటే తక్కువ కాకూడదు, పగుళ్లొస్తాయి. ఆయిల్ మీద ఆక్రిలిక్ (నీళ్లతో కలిపే రంగులు) అసలే వద్దు, పట్టు లేక ఊడిపోతుంది.

ఆకాశాన్ని నేను ముట్టుకోలేదు. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు కలిపి, దాదాపు నలుపనిపించే ముదురు రంగుతో స్తంభాలు, నీళ్లలో వాటి నీడలు వేశాను. రెండు సాయంత్రాల పని. పద్నాలుగేళ్లకు పైగా చచ్చుగా పడున్న ఆ ఎరుపు లేచి కూర్చుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాబట్టి మీరూ వెంటనే బ్రష్ పట్టకండి. బొమ్మను రోజూ కనబడే చోట పెట్టి, అందులో ఏం లోపించిందో చూడండి. నా రెండోది, పడవల రేవు, అలాగే పూర్తయింది. మూడోది వరద గోదావరి. దానికేం కావాలో ఇంకా తెలియలేదు. వంటింటి గుమ్మం పక్కన ఆనించి, వస్తూ పోతూ చూస్తున్నాను.