క్లచ్ పెడల్ లేని లారీతో మొదలుపెట్టవచ్చునా?

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. కారు లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలయింది. హెవీ లైసెన్సు తీసుకొని లారీ నడపాలని ఉంది. సింగరేణి ప్రాంతంలో ఒక కాంట్రాక్టరు వద్ద ఆటోమేటిక్ టిప్పరు నడిపే మా బావ, ‘రాబోయేవన్నీ ఇవే, గేర్ల కోసం కాలం పాడుచేసుకోకు’ అంటాడు. ముప్పై ఏళ్లు లారీ తోలిన మా పెదనాన్న మాత్రం, గేరు వెయ్యడం రానివాడు డ్రైవరెలా అవుతాడని కోప్పడతారు. నేను ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, బంగారుపాళెం

జవాబు: గేర్ల బండితోనే మొదలుపెట్టండి. అయితే అది మీ పెదనాన్నగారు చెప్పిన కారణం వల్ల కాదు. పాత లారీలకు డబుల్ క్లచ్ కొట్టి, అంటే ఒక్క గేరుకు రెండుసార్లు క్లచ్ తొక్కి, గేరు మార్చవలసి వచ్చిన రోజుల్లో ఆ నేర్పే డ్రైవరుకు గుర్తింపు. ఇప్పటి లారీల్లో గేర్లు మార్చడం అంత కష్టం కాదు. శ్రద్ధగలవాడికి కొద్ది వారాల్లో చేయి తిరుగుతుంది. కాబట్టి బావగారు భయపడినంత కాలమూ పట్టదు, పెదనాన్నగారు అనుకున్నంత ఘనకార్యమూ కాదు.

మొదటి కారణం ఉపాధి. లక్షలు పోసి కొన్న కొత్త ఆటోమేటిక్ బండిని ఏ యజమానీ అనుభవం లేని కుర్రవాడికి అప్పగించడు. వాడికి దక్కేది షెడ్డులో అన్నిటికంటే పాత బండి, దానికి గేర్లుంటాయి. గనుల్లో పరిస్థితి వేరు. అక్కడ టిప్పరు రోజంతా ఒకే దారిలో ఎక్కుతూ దిగుతూ ఉంటుంది కనుక, క్లచ్ తొక్కే శ్రమ తగ్గితే డ్రైవరుకూ మేలు, బండికీ మేలు. మీ బావగారి మాట ఆయన పనిచేసే చోటికి సరిపోతుంది. చిత్తూరు–బెంగళూరు రోడ్డు మీద కిరాయి వెతుక్కోబోయే మీకు సరిపోదు.

రెండో కారణం కొంచెం లోతైనది. మనం ఆటోమేటిక్ అని పిలుస్తున్న లారీల్లో చాలావాటికి క్లచ్ లేకపోవడం కాదు, క్లచ్ పెడల్ మాత్రమే ఉండదు. లోపల క్లచ్ ప్లేటూ ఉంటుంది, మామూలు గేర్‌బాక్సూ ఉంటుంది. కాలూ చేయీ చేసే పనిని కంప్యూటరు చెప్పినట్లు గాలి పీడనం చేస్తుంది. దీనినే ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) అంటారు. ఈ సంగతి తెలియనివాడు ఎత్తు మీద ట్రాఫిక్ ఆగినప్పుడు బ్రేకు వెయ్యకుండా, యాక్సిలరేటరు సగం తొక్కి బండిని నిలబెడతాడు. అలా చేస్తే ప్లేటు రాసుకొని కాలిపోతుంది. పెడల్ ఉన్న బండి మీద నేర్చుకున్నవాడికి ఆ వాసన ఒకసారి ముక్కుకు తగిలి ఉంటుంది కాబట్టి మళ్లీ ఆ పని చెయ్యడు.

మీ ఊరి పక్కనే మొగిలి ఘాట్ ఉంది కనుక ఇంకొక మాట వివరంగా రాస్తాను. పలమనేరు వైపు నుంచి బరువుతో దిగే లారీని కేవలం కాలి బ్రేకు మీద ఆపుతూ వస్తే, డ్రమ్ములు వేడెక్కి, బ్రేకు తొక్కినా పట్టని స్థితి వస్తుంది. దిగుడులో వేగాన్ని అదుపు చేయవలసింది, చిన్న గేరులో బండిని పట్టి ఉంచే ఇంజనూ, పొగ దారిని మూసి ఆ పట్టును పెంచే ఎగ్జాస్ట్ బ్రేకూ. కాలి బ్రేకు వాటికి తోడు మాత్రమే. అందుకే ‘ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు’ అని పాత డ్రైవర్లు చెబుతారు. ఇప్పటి ఇంజన్లు బలమైనవి కనుక పెద్ద గేరులోనే ఎక్కేస్తాయి; దిగేటప్పుడు అంతకంటే ఒక గేరు తగ్గించుకోవడమే క్షేమం. ఆ గేరు కూడా వాలు మొదలవకముందే పడాలి. మధ్యలో మార్చబోతే బండి న్యూట్రల్‌లో చిక్కి, వేగం పెరిగి, ఏ గేరూ పడకపోవచ్చు. డీజిలు మిగులుతుందని కావాలనే న్యూట్రల్ చేసి దింపేవారూ ఉన్నారు. వారి పక్కన కూర్చొని నేర్చుకోకండి.

ఆటోమేటిక్ బండిలో ఈ ప్రమాదం పూర్తిగా తొలగిపోతుందని అనుకోవద్దు. ముందున్న వాలు ఎంత పొడవో కంప్యూటరుకు తెలియకపోవచ్చు. వేగం పెరుగుతున్నకొద్దీ పై గేరుకు కూడా పోవచ్చు. వాలుకు ముందే మాన్యువల్ మోడ్‌లో పెట్టి, చిన్న గేరును నిలపవలసింది డ్రైవరే. ఏ గేరు అవసరమో చేతితో ఎన్నడూ ఎంచుకోనివాడికి ఆ సమయంలో అది తోచదు.

మీకు మరో నాలుగు నెలలు గడువు ఉంది. కారు లైసెన్సు వచ్చి ఏడాది నిండితే గాని ట్రాన్స్‌పోర్టు వాహనానికి లెర్నర్స్ ఇవ్వరు. వయసు 20 దాటింది కనుక ఆ అడ్డంకి లేదు. ఈలోగా, మొత్తం బరువు 7,500 కిలోలకు మించని సరుకు బండిని కారు లైసెన్సుతోనే నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిచెప్పింది. అలాంటి చిన్న గేర్ల బండి మీద సరుకుతో తిరగండి. ఖాళీ బండికీ నిండు బండికీ ఉండే తేడా ఏ స్కూలూ అంత బాగా నేర్పలేదు.

ప్రశ్న: మా వారికి 52 ఏళ్లు. లారీ నడిపి నడిపి ఎడమ మోకాలు బాగా నొప్పిస్తోంది. ఆటోమేటిక్‌కు మారితే పాతవాళ్లు నవ్వుతారని వెనకాడుతున్నారు.
– ఒక సోదరి, సూర్యాపేట

జవాబు: నవ్వేవారి మోకాలు కాదుకదా అమ్మా నొప్పించేది. ముందు డాక్టరుకు చూపించండి. ఆ తరువాత, అటువంటి బండి ఉన్న యజమాని దొరికితే ఆయన నిస్సంకోచంగా మారవచ్చు. పై జవాబులో చెప్పిన అభ్యంతరాలన్నీ కొత్తవారికే. ముప్పై ఏళ్లు గేర్లు మార్చిన మనిషికి ఏఎంటీ వరమే. మొదటి వారం ఎడమ కాలు, అక్కడ లేని పెడల్‌ను వెతుకుతుంది; ఆ కాలిని తీసి పక్కన పెట్టడం అలవాటు చేసుకోమనండి.

ప్రశ్న: ఆటోమేటిక్ మీద పరీక్ష ఇస్తే లైసెన్సు మీద ఏమైనా రాస్తారా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: మన దేశంలో ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు అటువంటి విభజన లేదు. అమెరికాలో ఉంది: అక్కడ ఆటోమేటిక్ ట్రక్కు మీద వాణిజ్య లైసెన్సు పరీక్ష ఇచ్చినవారికి, గేర్ల ట్రక్కు నడపరాదన్న ‘ఈ’ అనే నిబంధన పడుతుంది, దానిని తొలగించుకోవాలంటే గేర్ల ట్రక్కు మీద మళ్లీ పరీక్ష ఇవ్వాలి. దుబాయి వంటి చోట్ల కారు లైసెన్సుకు కూడా ఆటోమేటిక్, మాన్యువల్ అన్న తేడా పాటిస్తారు. మీ జిల్లా నుంచి గల్ఫ్ వెళ్లేవారు ఎక్కువ కనుక, ఆ ఆలోచన ఉంటే ఇక్కడ ఉండగానే గేర్ల బండి మీద చేయి బాగా తిప్పుకొని వెళ్లండి.