ఎండు మిర్చిలో రికవరీ 45 శాతమే వస్తుంటే ఎక్స్‌ట్రాక్షన్‌ని మార్చే ముందు ఇది చూడండి

ఎండు మిర్చిలో పెస్టిసైడ్ రెసిడ్యూస్ ఎల్‌సీ ఎంఎస్ ఎంఎస్ (మందుల్ని విడదీసి, మాస్‌ని బట్టి గుర్తుపట్టి కొలిచే మెషీన్) మీద చేస్తున్నాం, సాల్వెంట్ స్టాండర్డ్స్‌తో (మిర్చి లేకుండా ఒట్టి సాల్వెంట్‌లో తెలిసినంత మందు కలిపినవి) కర్వ్ వేస్తే ట్రయాజోఫాస్ అనే పురుగుమందు రికవరీ (కలిపినదాంట్లో తిరిగి కొలతకి దొరికింది) 45 శాతం దాటట్లేదు, షేకింగ్ టైమ్ పెంచాలా అని అడిగారు కదండీ. ఇప్పుడే పెంచొద్దు. మందు అసలు పొడిలోంచి బయటికే రాలేదా, లేక వచ్చి కూడా మెషీన్ సోర్స్‌లో (అణువులకి చార్జ్ ఇచ్చే భాగం) అయనైజ్ అవ్వట్లేదా అన్నది ముందు తేల్చుకోవాలి, ఈ రెండిటికీ ట్రీట్‌మెంట్ పూర్తిగా వేరు. నేను గుంటూరు మిర్చి శాంపిల్స్ మీద చాలా కాలం పనిచేశాను, అక్కడ ఎక్కువసార్లు రెండోదే అసలు కారణం.

తేల్చడానికి మూడు సెట్లు చాలు. సాల్వెంట్‌లో స్టాండర్డ్ ఏ, బ్లాంక్ మిర్చిని (మందు లేనిది) ఎక్స్‌ట్రాక్ట్ చేసి క్లీనప్ అయ్యాక చివర్లో స్పైక్ చేసింది (తెలిసినంత మందు కలిపింది) బీ, మొదట్లోనే పొడిలో స్పైక్ చేసింది సీ. మూడింట్లోనూ ఫైనల్ కాన్సంట్రేషన్ ఒకటే ఉండాలి. బీ ని ఏ తో భాగిస్తే మ్యాట్రిక్స్ ఎఫెక్ట్ (మిర్చిలోని మిగతా పదార్థాలు మందు సిగ్నల్‌ని మార్చడం), సీ ని బీ తో భాగిస్తే అసలు రికవరీ. మీ దాంట్లో బీ బై ఏ 50 శాతం, సీ బై బీ 90 శాతం వచ్చాయనుకోండి, రెండూ గుణిస్తే సరిగ్గా మీ 45 వస్తుంది, అంటే ఎక్స్‌ట్రాక్షన్ బ్రహ్మాండంగా ఉన్నట్టు, సిగ్నల్ సగం సోర్స్‌లోనే పోతున్నట్టు. పెస్టిసైడ్ రెసిడ్యూ టెస్టింగ్‌కి యూరప్ వాళ్ల శాంటే గైడ్‌లైన్ ప్రకారం ఈ ఎఫెక్ట్, అంటే బీ బై ఏ కి 100 తో ఉన్న తేడా, ప్లస్ ఆర్ మైనస్ 20 శాతం దాటితే క్యాలిబ్రేషన్‌లో దాన్ని సరిచేయాల్సిందే.

మిర్చిలో పెద్ద తలనొప్పి క్యాప్సైసిన్, అంటే ఘాటునిచ్చే పదార్థం. మెథడ్‌లో 306 నుంచి 137 ట్రాన్సిషన్ (306 మాస్ ఉన్న దాని అయాన్ విరిగి 137 ముక్క రావడం) ఒకటి కలిపి, ఎక్స్‌ట్రాక్ట్‌ని బాగా డైల్యూట్ చేసి ఇంజెక్ట్ చేయండి (లేకపోతే డిటెక్టర్ సాచురేట్ అవుద్ది), అది ఏ నిమిషంలో వస్తుందో తెలుస్తుంది. ట్రయాజోఫాస్ కూడా సీ18 కాలమ్ (మందుల్ని విడదీసే గొట్టం) మీద దాదాపు ఆ చుట్టుపక్కలే వస్తుంది, కాబట్టి గ్రేడియంట్ స్లోప్ (సాల్వెంట్ మిశ్రమం మారే వేగం) కొంచెం తగ్గించి రెండిటినీ విడదీయగలిగితే సగం గొడవ అక్కడే పోతుంది. ఇంకా స్పష్టంగా చూడాలంటే కాలమ్ తర్వాత టీ (మూడు దారుల కనెక్టర్) పెట్టి, సిరంజి పంప్‌తో స్టాండర్డ్‌ని నిమిషానికి 10 మైక్రోలీటర్లు అలా వదులుతూ బ్లాంక్ ఎక్స్‌ట్రాక్ట్ ఇంజెక్ట్ చేయండి, గీత ఎక్కడ గుంటలా దిగిపోతే అక్కడ సప్రెషన్ (సిగ్నల్ అణగిపోవడం) ఉన్నట్టు. ఒక్క రన్‌లో మొత్తం క్రోమాటోగ్రామ్ మ్యాప్ దొరుకుతుంది, కొత్త మ్యాట్రిక్స్ మొదలుపెట్టినప్పుడల్లా ఇది చేయాల్సిందే అంటాను నేను.

తర్వాత నా మొదటి ఓటు డైల్యూషన్‌కే. క్వెచర్స్ ఎక్స్‌ట్రాక్షన్ పద్ధతిలో 2 గ్రాముల పొడికి 10 ఎంఎల్ నీళ్లు, 10 ఎంఎల్ అసిటోనైట్రైల్ వాడితే ఎక్స్‌ట్రాక్ట్‌లో ఎంఎల్‌కి 0.2 గ్రాముల శాంపిల్ ఉన్నట్టు, దాన్ని 10 రెట్లు డైల్యూట్ చేస్తే కిలోకి 0.01 మిల్లీగ్రాముల లెవెల్ అంటే ఎంఎల్‌కి 0.2 నానోగ్రాములు, కొత్త ట్రిపుల్ క్వాడ్ (ఎల్‌సీ ఎంఎస్ ఎంఎస్ మెషీనే) చాలా మందుల్ని ఆ లెవెల్‌లో చూడగలదు. మీది పాత మెషీన్ అయితే అంత కుదరదు, అప్పుడు 4, 5 రెట్ల దగ్గర ఆగండి. రంగు పోవాలని క్లీనప్‌లో జీసీబీ (గ్రాఫైట్ రకం కార్బన్) పౌడర్ ఎక్కువ పోసేవాళ్లు ఉన్నారు, ఎక్స్‌ట్రాక్ట్ తేటగా కనబడుతుంది గానీ కార్బెండజిమ్, థయాబెండజోల్ లాంటి చదునైన అణువులు కూడా దానికే అతుక్కుపోతాయి. పీఎస్ఏ (క్లీనప్‌లో వాడే ఇంకో పౌడర్) కూడా అంతే, 2,4-డి లాంటి యాసిడ్ మందుల్ని పట్టేసుకుంటుంది.

మ్యాట్రిక్స్ మ్యాచ్డ్ కర్వ్ (బ్లాంక్ మిర్చి ఎక్స్‌ట్రాక్ట్‌లో స్టాండర్డ్ కలిపి వేసేది) ఎలాగూ వేయాలి, కానీ బ్లాంక్ ఏ మిర్చిదో చూసుకోండి. తేజ రకం ఘాటు ఎక్కువ, బ్యాడిగి రంగు ఎక్కువ ఘాటు తక్కువ. బ్యాడిగి బ్లాంక్‌లో కర్వ్ వేసి తేజ శాంపిల్ చదివితే క్యాప్సైసిన్ దగ్గర వచ్చే మందుల రిజల్ట్ తక్కువగా పడే ఛాన్స్ ఉంది, ఆ రిపోర్ట్ నమ్మి కంటైనర్ ఎక్కించిన ఎక్స్‌పోర్టర్ సరుకు అక్కడ పోర్ట్‌లో ఆగితే చివరికి ఆ రేటు దెబ్బ రైతు మీదే పడుతుంది, అందుకే ఇంత పట్టుబట్టి చెప్తున్నా.

ఇంటర్నల్ స్టాండర్డ్‌గా (పోల్చుకోవడానికి ప్రతి శాంపిల్‌లో ఒకే మోతాదులో కలిపేది) ట్రైఫినైల్ ఫాస్ఫేట్ ఒక్కటే వేస్తే సప్రెషన్ సరి అయిపోతుంది అనుకోకండి, అది లేటుగా వస్తుంది, ముందే వచ్చేసే ఎసిఫేట్ లాంటి మందుకి దానితో సంబంధమే లేదు. ఆ మందుదే ఐసోటోప్ లేబుల్డ్ (అదే అణువు, బరువైన పరమాణువులతో చేసింది) ఉంటే మంచిది, డ్యూటీరియం ఉన్నవి ఒక్కోసారి కొంచెం ముందుకి జరుగుతాయి, డబ్బులుంటే కార్బన్ 13 వి కొనండి. అన్నిటికీ కొనలేం కాబట్టి రిజల్ట్ అనుమతించిన లిమిట్ దగ్గర్లో ఉన్న శాంపిల్‌కి స్టాండర్డ్ అడిషన్ (ఆ శాంపిల్‌లోనే తెలిసినంత మందు కలుపుతూ కొలవడం) చేసి కన్ఫర్మ్ చేయండి.

ఇదే ఎక్స్‌ట్రాక్ట్ జీసీలో (గ్యాస్ క్రోమటోగ్రఫీ) పెడితే కథ తిరగబడుతుంది, లైనర్‌లో (శాంపిల్ ఆవిరయ్యే గాజు గొట్టం) మందు అతుక్కునే యాక్టివ్ సైట్స్‌ని మ్యాట్రిక్స్ కప్పేసి సిగ్నల్ పెరుగుతుంది, అక్కడ 130, 140 శాతం రికవరీ చూసి కంగారుపడకండి.

ఏ, బీ, సీ ఏరియాలూ, మీ గ్రేడియంట్ టేబులూ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.