ఇంజిన్ ఆగిందనగానే చేతులు ఆడకపోతే

చిన్న ఒంటి ఇంజిన్ విమానం సెస్నా 172ఎస్‌లో, ఇంజిన్ ఆగినప్పటి సాధన కోసం శిక్షకుడు హఠాత్తుగా థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని మార్చే పిడి) వెనక్కి లాగగానే, కంఠస్థమైన చెక్‌లిస్టంతా మరచిపోయి చేతులు ఆడడం లేదని మీరు రాశారు. లోపం మీ జ్ఞాపకశక్తిది కాదు, వల్లె వేసిన పద్ధతిది. కూర్చుని నోటితో అప్పజెప్పినది గాలిలో చేతికి రాదు.

మొదటి పని ఒక్కటే: పూర్తి బరువుకు చెప్పిన 68 నాట్ల గ్లైడ్ వేగాన్ని (ఇంజిన్ లేకుండా ఎక్కువ దూరం తేలే వేగం) పట్టి, అది నిలిచేలా ట్రిమ్ చక్రాన్ని సరిచేయడం. గాలి వీచనప్పుడు ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు సాగుతుంది కనుక, తగిన ఎత్తుంటే దిగడానికి పొలం ఎంచుకోవడానికి మీరు భయపడినంత తక్కువ వ్యవధి ఉండదు. ఆ తరువాతే ఇంధన షటాఫ్ వాల్వ్ పూర్తిగా లోపలికి ఉందో లేదో, ట్యాంకులను ఎంచే సెలెక్టర్ 'బోత్' (రెండు ట్యాంకులూ) మీద ఉందో లేదో చూసి, ఆక్జిలరీ (అదనపు) ఇంధన పంపు వేసి, మిక్స్చర్ రిచ్ చేసి (గాలితో కలిసే ఇంధనం పాలు పెంచి), ఇగ్నిషన్ మీట 'బోత్'లో ఉందని సరిచూసుకోవాలి. అత్యవసర రేడియో ఫ్రీక్వెన్సీ 121.5లో మేడే (ప్రమాద) పిలుపు, రాడార్‌కు అత్యవసర స్థితిని తెలిపే 7700 ట్రాన్స్‌పాండర్ కోడ్ వీటి తరువాతే.

ఈ వరుసను నిలిపి ఉన్న విమానంలో కళ్లు మూసుకుని, దేన్నీ కదపకుండా, వేలితో తాకుతూ రోజూ పదిసార్లు చేయండి. నేనైతే వంటింటి గోడకు ప్యానెల్ ఫోటో అంటించుకున్నాను. ఇంట్లోవాళ్లు నవ్వారు గానీ, రెండు వారాల్లో చేయి దానంతటదే కదిలింది.

టేకాఫ్ అయిన వెంటనే ఇంజిన్ ఆగితే మాత్రం ఈ వరుసకు సమయం ఉండదు. ముక్కు దించి, దాదాపు ఎదురుగానే దిగాలి, రన్‌వే వైపు తిరగకూడదు.