రెండు సీట్ల కారులో నాలుగు ట్రాక్ చక్రాలు

అన్నా, నల్గొండ నుంచి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు, అక్కడ వేసుకునే విడి చక్రాలు మీ రెండు సీట్ల కారులో ఎలా తీసుకెళ్లాలని అడిగారు కదా. ట్రైలర్ జోలికి పోకండి. మీరు ఒక్కరే కాబట్టి పక్క సీటు పూర్తిగా వెనక్కి జరిపి, పాత దుప్పటి పరిచి, రెండు చక్రాలు సీటు మీద, ఒకటి కాళ్ల దగ్గర పెట్టండి. నాలుగోది డిక్కీలో. టైరుతో కలిపి ఒక్కోటి 20 కిలోల దాకా ఉంటుంది. సడన్ బ్రేక్ వేస్తే ఊరుకోదు. సీటు బెల్టు ఒక్కటే చాలదు, రాట్చెట్ బెల్టుతో (పిడి ఆడించి బిగించే సామాన్ల పట్టీ) సీటుకే బిగించండి. గేరుకూ పక్క అద్దానికీ అడ్డు రాకుండా చూసుకోండి.

ఇంటి దగ్గరే ట్రాక్ టైర్లు వేసుకుని మిర్యాలగూడ, అద్దంకి మీదుగా పోదామంటారేమో, వద్దు. వాటికి గాట్లు తక్కువ, వానపడితే నీళ్ల మీద తేలతాయి. అక్కడ చక్రాలు మార్చుకోవాలి కాబట్టి టార్క్ రెంచి (నట్లను సరైన బిగువుకు బిగించే పానా), జాకీ మరవకండి. నేనొకసారి మరిచి అందరినీ అడుక్కున్నా!